సోయా పడని ప్రేగు: మాంసకృత్తుల వలన కలిగే అలర్జీ, దాని గుర్తింపు, జాగ్రత్తలు

సోయా చిక్కుడు మంచి పోషక విలువలు గల గింజ. వంద గ్రాముల ఎండు సోయా గింజలలో సుమారు 36 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అంతే తూకం గల కందిపప్పులో ఉండేవి దాదాపు 22 గ్రాములు. తక్కువ ఖర్చుతో ఎక్కువ బలమిచ్చే ఆహారంగా సోయా పేరు పొందటానికి కారణం ఇదే. అయితే కొద్దిమంది శరీరాలు, ముఖ్యంగా పసిపిల్లలలో కొందరి శరీరాలు, ఈ మాంసకృత్తులను శత్రువులుగా భావించి వాటిపై పోరాటం మొదలుపెడతాయి. ఆ పోరాటం జరిగే మొదటి చోటు ప్రేగు.

ఈ అలర్జీలో ఒక రకం తిన్న కొద్ది నిమిషాలలోనే బయటపడుతుంది. మరొక రకం గంటల తరువాత వాంతులు, విరేచనాల రూపంలో వస్తుంది. ఈ రెండవ రకాన్ని అజీర్ణమని, కలుషిత నీటి వలన వచ్చిన విరేచనాలని, పళ్లు వచ్చే బాధ అని, దిష్టి తగిలిందని పొరబడటం సాధారణం. ఆ పొరపాటు వలన బిడ్డ కోలుకున్న తరువాత అదే ఆహారం మళ్లీ పెట్టటం, అదే బాధ మళ్లీ కలగటం జరుగుతుంది. కనుక ప్రేగులో ఏమి జరుగుతున్నదో తెలుసుకోవటం ప్రతి కుటుంబానికి అవసరం.

సోయా ఏ పేర్లతో ఇంటికి వస్తుంది?

మహారాష్ట్రలోని లాతూరు, నాందేడు ప్రాంతాలలో, కర్ణాటకలోని బీదరులో, తెలంగాణలోని ఆదిలాబాదు, నిర్మల్, నిజామాబాదు ప్రాంతాలలో సోయా ముఖ్యమైన వానాకాలపు పంట. పంట పండని చోట్ల కూడా అది రకరకాల రూపాలలో వంటింటికి చేరుతున్నది. నూనె తీసిన సోయా పిండిని యంత్రాలలో ఒత్తి, ఎండబెట్టిన ముద్దలను తెలుగువారు, తమిళనాడువారు మీల్ మేకర్ అంటారు. వీటిలో సగం వరకు మాంసకృత్తులే. మరాఠీలో వీటిని సోయా వడీ అని, ఒడియాలో సోయాబీన్ బడి అని పిలుస్తారు. సోయా పాలు, సోయా పాలను విరిచి చేసే టోఫూ, సోయా కలిపిన గోధుమపిండి, బిస్కట్లు, చైనా వంటలలో వాడే సోయా సాస్ కూడా ఈ కోవకు చెందినవే.

పసిపిల్లల విషయంలో మరొక సంగతి గమనించాలి. అనేక ధాన్యాలు, పప్పులు వేయించి, విసిరించి చేసే పిండిని తమిళనాడులో సత్తుమావు అని, కన్నడనాట హురిహిట్టు అని అంటారు. ఇళ్లలో చేసుకునే ఇటువంటి పిండ్లలోను, అంగడిలో దొరికే పొడులలోను, కొన్ని రాష్ట్రాలలో అంగన్‌వాడీల ద్వారా పంచే పోషకాహారపు పొడులలోను సోయా కలిసి ఉండవచ్చు. పది దినుసులు ఉన్న జావలో ఏది పడలేదో పోల్చుకోవటం కష్టం. కనుక ఆ పిండిలో ఏమేమి ఉన్నవో తల్లికి తెలిసి ఉండాలి.

గింజలోని మాంసకృత్తులు

మొలకెత్తే మొక్కకు తొలి ఆహారంగా ప్రతి గింజ కొంత మాంసకృత్తిని దాచుకుంటుంది. సోయా గింజలో ఇటువంటి నిల్వ మాంసకృత్తులు ముఖ్యంగా రెండు: గ్లైసినిన్, బీటా కాంగ్లైసినిన్. గింజలోని మొత్తం మాంసకృత్తులలో అధిక భాగం ఈ రెండే. బీటా కాంగ్లైసినిన్ మూడు గొలుసులు కలిసిన ముద్ద. గ్లైసినిన్ ఆరు భాగాలు కలిసిన మరింత పెద్ద ముద్ద. ఇవి గట్టిగా ముడిపడి ఉంటాయి. ఉడికించినా, కడుపులోని ఆమ్లంలో నానినా వీటి తునకలు కొన్ని పూర్తిగా విరగక మిగులుతాయి. అలర్జీని ప్రేరేపించేవి ఆ తునకలే.

సోయాలో అలర్జీ కలిగించగల ఇతర మాంసకృత్తులు కూడా ఉన్నాయి. ట్రిప్సిన్ అనే జీర్ణరసపు పనిని అడ్డుకొనే మాంసకృత్తి వాటిలో ఒకటి. శాస్త్రజ్ఞుడు మోజెస్ కునిట్జ్ దీనిని 1945లో స్ఫటిక రూపంలో వేరుచేశాడు. బాగా ఉడికిస్తే ఇది చాలావరకు నశిస్తుంది. పచ్చి సోయాను తినకూడదని పెద్దలు చెప్పటానికి శాస్త్రీయ కారణం ఇదే. అయితే ఉడికించటం వలన గ్లైసినిన్ వంటి వాటి అలర్జీ గుణం పూర్తిగా పోదు. పులియబెట్టటం వలన కూడా ఆ గుణం తగ్గుతుందే గాని నశించదు. అందువలన సోయా పడని వారికి బాగా ఉడికిన మీల్ మేకర్ గాని, పులిసిన సోయా సాస్ గాని క్షేమమని భావించరాదు.

ప్రేగు గోడ, దాని కాపలా

మనిషి చిన్నప్రేగు లోపలి తలం వెల్వెట్ బట్టను పోలి ఉంటుంది. దాని మీద లెక్కలేనన్ని సన్నని వేళ్ల వంటి ఉబ్బులు ఉంటాయి. పాఠ్యపుస్తకాలలో వీటిని ఆంత్రచూషకాలు అంటారు. ఆహారసారాన్ని పీల్చుకొనేది ఇవే. ఈ తలాన్ని కప్పి ఉంచే పొర మందం ఒకే ఒక కణం. ఆ కణాలు ఒకదానితో ఒకటి బిగుతుగా అతుక్కొని, పైన జిగురు పూతతో, అందులో ఐజీఏ అనే ప్రతిరక్షకాలతో రక్షణ పొందుతూ ఉంటాయి.

జీర్ణరసాలు మాంసకృత్తులను చిన్న చిన్న ముక్కలు చేస్తాయి. అయినా ప్రతి భోజనంలోను అత్యల్ప భాగం పెద్ద తునకలుగానే గోడ దాటుతుంది. దాటిన ప్రతి తునకను గోడ వెనుక ఉన్న రోగనిరోధక కణాలు పరిశీలిస్తాయి. వీటి స్థావరాలను స్విట్జర్లాండుకు చెందిన యోహాన్ కాన్రాడ్ పేయర్ 1677లో వర్ణించాడు. అందుకే వాటికి పేయర్ మచ్చలు అని పేరు.

ఆరోగ్యవంతుల ప్రేగులో ఈ పరిశీలన శాంతియుతంగా ముగుస్తుంది. ఇది ఆహారమే, దీనితో వైరం వద్దు అని సందేశమిచ్చే ప్రత్యేకమైన టి కణాలు తయారవుతాయి. దీనిని నోటి ద్వారా కలిగే సహనం అంటారు. ప్రతి మనిషి తన జీవితకాలంలో టన్నుల కొద్దీ పరాయి మాంసకృత్తులను తిని కూడా సుఖంగా ఉండటానికి ఈ సహనమే ఆధారం.

పసిబిడ్డ ప్రేగు ఇంకా పరిపక్వం కాలేదు. కడుపులో ఆమ్లం తక్కువ, జీర్ణరసాల శక్తి తక్కువ, ఐజీఏ రక్షణ తక్కువ. తల్లిపాలలోని ఐజీఏ ఆ లోటును కొంత తీరుస్తుంది. ఈ దశలో సహనం సరిగా ఏర్పడని పిల్లలలో అలర్జీ మొదలవుతుంది. ఆస్త్మా, గజ్జి వంటి చర్మపు మంట మొదలైన అలర్జీ లక్షణాలు తల్లిదండ్రులకు ఉన్న కుటుంబాలలో ఈ అవకాశం కొంత ఎక్కువ.

మొదటి మార్గం: నిమిషాలలో వచ్చే అలర్జీ

అలర్జీ అనే మాటను వియన్నా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే 1906లో సృష్టించాడు. సోయా వలన అలర్జీ కలుగగలదని అమెరికా వైద్యుడు విలియం డ్యూక్ 1934లో వైద్య పత్రికలో రాశాడు. అయితే దీనికి కారణమైన ప్రతిరక్షకం 1960ల చివరి భాగంలో గాని తెలియలేదు. అమెరికాలో పనిచేసిన జపాను దంపతులు కిమిషిగె, టెరుకో ఇషిజాకాలు, స్వీడన్‌లో జొహాన్సన్, బెన్నిక్‌లు వేరువేరుగా దానిని కనుగొన్నారు. దాని పేరు ఐజీఈ.

ఈ మార్గంలో జరిగేది రెండు అంచెలు. మొదటి అంచెలో సోయా తునకను చూసిన శరీరం, దానికి సరిగ్గా సరిపోయే ఐజీఈని తయారు చేసుకుంటుంది. ఆ ఐజీఈ వెళ్లి ప్రేగు గోడలోను, చర్మంలోను, ఊపిరితిత్తులలోను ఉండే మాస్ట్ కణాలపై కూర్చుంటుంది. ఈ దశలో బిడ్డకు ఏ బాధా తెలియదు. రెండవ అంచెలో సోయా మళ్లీ లోపలికి వచ్చినపుడు, దాని తునకలు పక్కపక్కన ఉన్న రెండు ఐజీఈలను ఒక్కసారిగా పట్టుకుంటాయి. వెంటనే మాస్ట్ కణం పగిలినట్లుగా తెరుచుకొని హిస్టమిన్ మొదలైన రసాయనాలను వెదజల్లుతుంది.

హిస్టమిన్ ప్రభావంతో ప్రేగు కండరాలు బిగుసుకుంటాయి; కడుపులో మెలిపెట్టినట్లు నొప్పి వస్తుంది. రక్తనాళాల నుండి నీరు ఊరి ప్రేగులోకి చేరుతుంది. నీళ్ల విరేచనాలు అవుతాయి. కడుపు వెనుకకు నెట్టటంతో వాంతి అవుతుంది. ఇవన్నీ తిన్న కొద్ది నిమిషాల నుండి 2 గంటల లోపు జరుగుతాయి. తరచుగా వీటితో పాటు ఒంటి మీద దద్దుర్లు, పెదవుల వాపు, గొంతు దురద కూడా కనిపిస్తాయి. ఊపిరి ఆడకపోవటం, పిల్లి కూతలు, స్పృహ తప్పటం ఉంటే అది ప్రాణాపాయ స్థితి. దీనిని అనఫిలాక్సిస్ అంటారు.

రెండవ మార్గం: గంటల తరువాత వచ్చే అలర్జీ

ఈ మార్గంలో ఐజీఈ పాత్ర సాధారణంగా ఉండదు. రోగనిరోధక కణాలే నేరుగా ప్రేగు గోడలో వాపు కలిగిస్తాయి. అందువలన దద్దుర్లు ఉండవు, పిల్లి కూతలు ఉండవు. బాధ అంతా కడుపులోనే. పసిపిల్లలలో ఇది మూడు రూపాలలో కనిపిస్తుంది.

మొదటి రూపం చిన్న, పెద్ద ప్రేగులు రెండింటికీ హఠాత్తుగా వచ్చే వాపు. దీనిని వైద్యులు ఎఫ్.పి.ఐ.ఇ.ఎస్. అనే పొట్టిపేరుతో వ్యవహరిస్తారు. ఆహారం తిన్న 1 నుండి 4 గంటల తరువాత బిడ్డకు ఆగకుండా వాంతులు మొదలవుతాయి. ముఖం పాలిపోతుంది, ఒళ్లు మెత్తబడి తోటకూర కాడలా వాలిపోతుంది. కొన్ని గంటల తరువాత, సాధారణంగా 5 నుండి 10 గంటల మధ్య, విరేచనాలు కావచ్చు. తీవ్రమైన సందర్భాలలో రక్తపోటు పడిపోతుంది. రక్త పరీక్షలో తెల్లకణాలు పెరిగి కనిపించటం వలన రక్తంలో సూక్ష్మజీవులు చేరాయని వైద్యులు కూడా అనుమానించవచ్చు. పాలు, సోయా వలన కలిగే ఈ వ్యాధి లక్షణాలను, దానిని నిర్ధారించే పరీక్ష పద్ధతిని అమెరికా వైద్యురాలు జెరాల్డిన్ పావెల్ 1978లో క్రమబద్ధం చేశారు. 2017లో వివిధ దేశాల నిపుణులు కలిసి దీనికి చికిత్సా మార్గదర్శకాలను ప్రకటించారు. ఇదే వ్యాధిని ఆవుపాలు, వరి, ఓట్స్, గుడ్డు కూడా కలిగించగలవు.

రెండవ రూపం పెద్దప్రేగు చివరి భాగపు వాపు. ఇది పుట్టిన తొలి నెలలలో, తల్లిపాలు తాగే బిడ్డలలో కూడా కనిపిస్తుంది. బిడ్డ హుషారుగా ఉంటుంది, పాలు తాగుతుంది, బరువు పెరుగుతుంది. కాని మలంలో జిగురుతో పాటు రక్తపు చారలు కనిపిస్తాయి. తల్లి తిన్న ఆవుపాల లేక సోయా మాంసకృత్తుల తునకలు తల్లిపాల ద్వారా బిడ్డకు చేరటం దీనికి కారణం. ఇందుకు తల్లిపాలు మానవలసిన పని లేదు. వైద్యుని సలహాతో తల్లి ఆ ఆహారాన్ని మానితే సాధారణంగా 2 వారాల లోపు మలం మామూలుగా మారుతుంది. చాలామంది పిల్లలకు ఏడాది నిండేసరికి ఈ బాధ తొలగిపోతుంది.

మూడవ రూపం నిదానంగా, వారాల తరబడి సాగుతుంది. ఆంత్రచూషకాలు క్రమంగా అరిగి, చదునై, ఆహారసారాన్ని పీల్చుకొనే శక్తిని కోల్పోతాయి. రోజుల తరబడి పలుచని విరేచనాలు, పొట్ట ఉబ్బరం, బరువు పెరగకపోవటం దీని గుర్తులు. సోయా మాంసకృత్తి ప్రేగు తలాన్ని ఇలా చదును చేయగలదని అమెరికా వైద్యులు మార్విన్ అమెంట్, సైరస్ రూబిన్ 1972లో ప్రేగు ముక్కను సూక్ష్మదర్శినిలో పరీక్షించి చూపారు. సోయా మానిన తరువాత ఆ తలం తిరిగి మామూలు స్థితికి వచ్చింది. అనగా ఈ నష్టం శాశ్వతం కాదు. కారణాన్ని తొలగిస్తే ప్రేగు తనను తాను బాగు చేసుకుంటుంది.

అలర్జీ కానిది ఏది?

మీల్ మేకర్ కూర తిన్న రాత్రి కడుపు ఉబ్బటం, గాలి పోవటం చాలామందికి అనుభవమే. ఇది అలర్జీ కాదు. సోయాలో, ఇతర పప్పులలో రాఫినోస్, స్టాకియోస్ అనే చక్కెరలు ఉంటాయి. మనిషి చిన్నప్రేగు వీటిని అరిగించుకోలేదు. పెద్దప్రేగులోని సూక్ష్మజీవులు వీటిని పులియబెట్టటం వలన గాలి పుడుతుంది. గింజలను రాత్రంతా నానబెట్టి, ఆ నీటిని పారబోసి, కొత్త నీటిలో బాగా ఉడికిస్తే ఈ బాధ తగ్గుతుంది. సరిగా ఉడకని సోయా వలన కలిగే అజీర్ణం కూడా అలర్జీ కాదు.

కలుషిత నీరు, పాచిపోయిన ఆహారం వలన వచ్చే వాంతులు విరేచనాలకు, అలర్జీకి తేడా తెలుసుకోవటానికి మూడు ప్రశ్నలు ఉపకరిస్తాయి. అదే ఆహారం పెట్టిన ప్రతిసారీ ఇంచుమించు అంతే సమయానికి బాధ వస్తున్నదా? జ్వరం లేకుండానే వస్తున్నదా? ఇంట్లో అదే తిన్న మిగతావారు బాగానే ఉండగా ఈ బిడ్డ ఒక్కతే బాధపడుతున్నదా? ఈ మూడింటికీ అవును అనే జవాబు వస్తే అలర్జీని అనుమానించి వైద్యునికి చెప్పాలి.

ఆవుపాలు పడని బిడ్డకు సోయా పాలు పట్టవచ్చునా?

ఆవుపాలు పడవని తేలిన బిడ్డకు డబ్బా సోయా పాలు పట్టటం చాలా చోట్ల అలవాటు. ఇక్కడ జాగ్రత్త అవసరం. ఆవుపాలకు ఐజీఈ మార్గంలో అలర్జీ ఉన్న పిల్లలలో సుమారు 10 నుండి 14 శాతం మందికి సోయా కూడా పడదు. ఆలస్యంగా వచ్చే రకం అలర్జీ ఉన్నవారిలో ఈ నిష్పత్తి ఇంకా ఎక్కువగా కనిపించింది. ఈ కారణం వలన ఆహార అలర్జీ ఉన్న బిడ్డకు 6 నెలలు నిండేవరకు సోయా డబ్బా పాలు వాడరాదని ఐరోపా బాలల జీర్ణవ్యాధి నిపుణుల సంఘం 2006లో సూచించింది. ఇటువంటి పిల్లల కోసం మాంసకృత్తులను ముందే బాగా విరగగొట్టిన ప్రత్యేకమైన పాలపొడులు ఉన్నాయి. అవి ఖరీదైనవి. తల్లిపాలు ఉన్న చోట వాటికంటె మేలైనది లేదు. ఇంట్లో తయారు చేసిన సోయా పాలు ఏడాది నిండని బిడ్డకు తల్లిపాలకు బదులు కాజాలవు. వాటిలో కాల్షియం మొదలైనవి తగినంత ఉండవు.

నిర్ధారణ ఎట్లా?

నిమిషాలలో వచ్చే రకానికి చర్మంపై సూది గుచ్చి చేసే పరీక్ష, రక్తంలో ఐజీఈ పరీక్ష ఉన్నాయి. అయితే పరీక్షలో సోయాకు ఐజీఈ కనిపించినంత మాత్రాన అలర్జీ ఉన్నట్లు కాదు. తిన్నపుడు బాధ కలిగితేనే అది అలర్జీ. వేరుశనగ అలర్జీ ఉన్నవారిలో పలువురికి పరీక్షలో సోయా కూడా కనిపిస్తుంది. కాని వారిలో అధికులు సోయాను సుఖంగా తినగలరు.

ఆలస్యంగా వచ్చే రకానికి ఈ పరీక్షలు సాధారణంగా ఏమీ చూపవు. పరీక్షలన్నీ బాగున్నాయి గనుక బిడ్డకు ఏమీ లేదని అనుకోరాదు. దీనిని పట్టుకొనే సాధనం తల్లి చెప్పే వివరమే: ఏమి పెట్టారు, ఎన్ని గంటలకు పెట్టారు, ఎంతసేపటికి వాంతి మొదలైంది, ఎన్నిసార్లు ఇలా జరిగింది. ఈ వివరాలను ఒక నోటు పుస్తకంలో తేదీతో రాసి ఉంచటం ఖరీదైన పరీక్ష కంటె ఎక్కువ ఉపయోగపడుతుంది. అవసరమైతే వైద్యులు ఆ ఆహారాన్ని కొన్ని వారాలు మాన్పించి, తరువాత ఆసుపత్రిలో తమ కళ్ల ముందు కొద్ది కొద్దిగా తినిపించి చూస్తారు. ఈ పరీక్షను ఇంట్లో చేయరాదు.

సరిహద్దు గ్రామాలవారికి ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. ఇంటి భాష తెలుగు, ఆసుపత్రి భాష కన్నడమో, తమిళమో, మరాఠీయో, ఒడియాయో కావచ్చు. మరాఠీ వైద్యునికి మీల్ మేకర్ అంటే తెలియకపోవచ్చు. సోయా వడీ అంటే వెంటనే తెలుస్తుంది. కోరాపుట్, రాయగడ ప్రాంతాలలో సోయాబీన్ బడి అనాలి. బిడ్డకు పడని ఆహారం పేరును ఇంటి భాషలోను, ఆ రాష్ట్ర భాషలోను, ఇంగ్లీషులోను ఒక చీటీ మీద రాసి వైద్య కాగితాలతో ఉంచటం మంచిది. ఆ చీటీ ప్రతిని బడిలోను, అంగన్‌వాడీలోను ఇవ్వాలి. బడి పిల్లలు ఉన్న ఇంట ఇది వారి చేత రాయించదగిన పని.

ప్యాకెట్టుపై ఏమి చూడాలి?

భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో జారీ చేసిన లేబుల్ నిబంధనల ప్రకారం, అలర్జీ కలిగించే ముఖ్యమైన ఆహారాలు సరుకులో ఉంటే ఆ సంగతిని ప్యాకెట్టుపై విడిగా ప్రకటించాలి. పాలు, గుడ్డు, చేప, వేరుశనగ, గోధుమ మొదలగు వాటితో పాటు సోయా కూడా ఆ జాబితాలో ఉంది. అయితే ఈ వివరాలు ఇంగ్లీషులో గాని, దేవనాగరి లిపిలోని హిందీలో గాని ఉంటే చాలు; తెలుగులో ఉండాలనే నియమం లేదు. కనుక ఇంగ్లీషులో ఎస్, ఓ, వై అనే మూడు అక్షరాల వరుసను గుర్తుపట్టటం ఇంట్లో అందరూ నేర్చుకోవాలి.

సోయా ప్రోటీన్ ఐసొలేట్, ఎడిబుల్ సోయా ఫ్లోర్, టెక్స్చర్డ్ వెజిటబుల్ ప్రోటీన్, హైడ్రోలైజ్డ్ వెజిటబుల్ ప్రోటీన్ అనే మాటలు కనిపిస్తే సోయా మాంసకృత్తి ఉన్నట్లు, లేక ఉండవచ్చునని భావించాలి. 322 అనే అంకె లెసిథిన్‌ను సూచిస్తుంది; అది తరచుగా సోయా నుండి తీసినదే. బాగా శుద్ధి చేసిన సోయా నూనెలోను, లెసిథిన్‌లోను మాంసకృత్తి జాడ మాత్రంగానే ఉంటుంది గనుక సోయా పడని వారిలో అధికులు వీటిని తినగలరు. తీవ్రమైన అలర్జీ ఉన్నవారు మాత్రం ముందుగా వైద్యుని అడగాలి. శుద్ధి చేయని గానుగ నూనెలో మాంసకృత్తి ఎక్కువ మిగులుతుంది.

బాధ కలిగినపుడు చేయవలసినవి

ఊపిరి ఆడకపోవటం, గొంతు పూడుకుపోవటం, స్పృహ తప్పటం వంటివి కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయాలి. బిడ్డను పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా ఉంచాలి. వాంతి అవుతుంటే పక్కకు తిప్పాలి. ఊపిరి కష్టంగా ఉంటే కూర్చోబెట్టవచ్చు. దీనికి సరైన మందు తొడ కండరానికి ఇచ్చే అడ్రినలిన్ సూదిమందు. దురదకు ఇచ్చే సిరప్‌లు ఈ స్థితిని ఆపలేవు.

గంటల తరువాత వచ్చే వాంతుల విషయంలో ప్రమాదం శరీరంలోని నీరు తరిగిపోవటం. బిడ్డ మెలకువగా ఉండి, వాంతులు తక్కువగా ఉంటే తల్లిపాలు ఇస్తూ, ఓ.ఆర్.ఎస్. కలిపిన నీటిని చెంచాతో కొద్ది కొద్దిగా పట్టాలి. వాంతులు ఆగకపోయినా, బిడ్డ పాలిపోయి మెత్తబడినా, మూత్రం రాకపోయినా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. అక్కడ రక్తనాళం ద్వారా ద్రవాలు ఎక్కిస్తారు. తగిన వయసు పిల్లలకు వాంతిని తగ్గించే ఓండాన్‌సెట్రాన్ ఇస్తారు. గతంలో ఇలా ఎప్పుడు జరిగిందో, ఏ ఆహారం తరువాత జరిగిందో అక్కడి వైద్యునికి మొదటి మాటగా చెప్పాలి.

ఏమి మానాలి, ఏమి మానకూడదు?

సోయా పడని బిడ్డకు మానవలసినది సోయా మాత్రమే. సోయా పప్పుజాతి గింజ గనుక కంది, పెసర, మినుము, శనగ అన్నీ మాన్పించటం తప్పు. ఆ పప్పులు బిడ్డకు పడుతున్నంత కాలం పెట్టాలి. ఎఫ్.పి.ఐ.ఇ.ఎస్. ఉన్న పిల్లలకు మాత్రం కొత్త ఆహారాలను ఒక్కొక్కటిగా, కొద్ది రోజుల వ్యవధితో, వైద్యుని సలహాపై మొదలుపెట్టాలి. పప్పులు, గుడ్డు, పడితే పాలు పెరుగు, చేపలు, రాగి జావ కలిస్తే సోయా లేని లోటు తీరుతుంది. అనుమానం మీద ఆహారాలన్నీ ఒకటొకటిగా మాన్పించిన ఇంట, అలర్జీ కంటె ఆకలి వలన బిడ్డ ఎక్కువగా చిక్కిపోతుంది. నెలకొకసారి బరువు చూసి అంగన్‌వాడీ పుస్తకంలో రాయించటం మరువరాదు.

ఏ బాధా లేని పిల్లలకు అలర్జీ భయంతో సోయా పెట్టకపోవటం కూడా సరికాదు. గర్భిణులు, బాలింతలు ముందు జాగ్రత్తగా సోయా మానవలసిన అవసరం లేదు. పశ్చిమ దేశాల అధ్యయనాల ప్రకారం సోయా అలర్జీ ఉన్నవారు వెయ్యి మంది పిల్లలలో ముగ్గురు నలుగురే.

ఎంతకాలం ఉంటుంది?

సోయా అలర్జీ చాలామందిలో వయసుతో పాటు తగ్గుతుంది. ఐజీఈ రకం అలర్జీ ఉన్న 133 మంది పిల్లలను పరిశీలించి అమెరికాలో 2010లో ప్రచురించిన అధ్యయనంలో, 4 ఏళ్ల వయసుకు 25 శాతం మంది, 6 ఏళ్లకు 45 శాతం మంది, 10 ఏళ్లకు 69 శాతం మంది సోయాను తినగలిగే స్థితికి వచ్చినట్లు అంచనా వేశారు. ఆలస్యంగా వచ్చే రకం కూడా ఎక్కువమందిలో బాల్యంలోనే తొలగుతుంది. కనుక ఒకసారి మానిన ఆహారాన్ని జీవితాంతం మానవలసినదే అనుకోకుండా, ఏడాదికో, ఏడాదిన్నరకో వైద్యుని కలిసి మళ్లీ పరీక్షించమని అడగాలి.

ప్రేగు మాటలాడలేదు, పసిబిడ్డ చెప్పలేదు. తిన్న వేళ, బాధ మొదలైన వేళ: ఈ రెండింటినీ కాగితం మీద పెట్టిన కుటుంబం సగం నిర్ధారణ చేసినట్లే. మిగతా సగం వైద్యుని పని.